పనంతా మీది, నిర్ణయం మాత్రం వేరొకరిది: సంఘాల్లో వచ్చే అలసట గురించి

మీరు రాసినదాన్ని ముందు క్లుప్తంగా చెప్తాను, సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీకే తెలుస్తుంది. ఇళ్లు ఖాళీ చేయమని ఒత్తిడి ఎదుర్కొంటున్న కుటుంబాల తరఫున పనిచేసే సంఘంలో మీరు నాలుగేళ్లుగా ఉన్నారు. జీతం లేదు. మీటింగులు పెట్టడం, కరపత్రాలు రాయడం, లెక్కలు చూడటం, అర్ధరాత్రి ఫోన్లు ఎత్తడం అన్నీ మీ మీదే పడ్డాయి. ఏ కేసు తీసుకోవాలి, ఎవరితో చర్చలకు వెళ్లాలి, డబ్బు దేనికి ఖర్చు పెట్టాలి అన్నవి మాత్రం కన్వీనర్ గారు, ఆయనకు దగ్గరగా ఉండే ఇద్దరు ముగ్గురు తేలుస్తారు. లెక్కలు అందరి ముందూ పెడదామని మీరంటే "ఉద్యమం మీద నమ్మకం పోయిందా?" అన్నారు. అదే మాట అడిగి బయటికి వెళ్లిపోయిన మీ స్నేహితురాలిని ఇప్పుడు "అవతలివాళ్ల మనిషి" అంటున్నారు. మీకు నిద్ర సరిగా పట్టట్లేదు. సాయం కోసం ఫోన్ చేసినవాళ్ల మీద కూడా చిరాకు వస్తోంది. "తప్పు నాలోనే ఉందా? ఓ నెల సెలవు పెడితే సర్దుకుంటుందా, లేక వదిలేయాలా?" అన్నది మీ ప్రశ్న.

నెల సెలవుతో నిద్ర కొంత తిరిగొస్తుంది. తక్కినది రాదు. ఎందుకంటే మీరు రాసినదంతా చదివితే, మిమ్మల్ని ఇంతలా అలసిపోయేలా చేసింది పని ఒక్కటే అనిపించడం లేదు. బాధ్యత మీ దగ్గర, అధికారం ఇంకొకరి దగ్గర ఉండటం వల్ల వచ్చిన అలసట ఇది. నేను చాలా ఏళ్లు ఇలాంటి సంఘాల్లో పనిచేసి, తర్వాత సంఘాల్లో తగాదాలు వచ్చినప్పుడు రెండు వైపులా కూర్చోబెట్టి మాట్లాడించే పనిలో ఉన్నాను. వెళ్లిపోయేవాళ్లలో "పని ఎక్కువైంది" అని చెప్పేవాళ్లు తక్కువ. "అడిగితే చెప్పరు, చెప్తే వినరు" అనే ఎక్కువ మంది అంటారు. విచిత్రమేంటంటే, అంతకు రెండింతల పని చేస్తూ కూడా హాయిగా ఉండేవాళ్లను చూశాను. వాళ్ల సంఘాల్లో నిర్ణయం ఎక్కడ జరుగుతుందో అందరికీ తెలుసు, ఆ నిర్ణయంలో వాళ్ల మాటా ఉంటుంది.

ఇలా పనిలో మనసు, ఒళ్లు పూర్తిగా హరించుకుపోవడాన్ని "బర్నౌట్" అంటారు. ఆ మాట అనగానే ఆఫీసు ఉద్యోగులే గుర్తొస్తారు గానీ, ఆ సంగతిని మనస్తత్వ శాస్త్రంలో చర్చకు పెట్టిన మొదటి రచనల్లో ఒకటి మీలాంటివాళ్ల గురించే వచ్చింది. హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త న్యూయార్క్‌లో పగలు సొంత ప్రాక్టీసు చూసుకుని, రాత్రి పొద్దుపోయేదాకా ఒక ఉచిత క్లినిక్‌లో పనిచేసేవారు. అక్కడి వలంటీర్లు, తానూ ఎలా మారిపోతున్నారో చూసి 1974లో ఒక వ్యాసం రాశారు. ఎవరికి ఇది ఎక్కువగా వస్తుందన్న ప్రశ్న వేసుకుని, అంకితభావంతో పనిచేసేవాళ్లకే అని జవాబిచ్చారు. కాబట్టి తప్పు మీలో ఉందా అన్నదానికి జవాబు దొరికినట్టే. పట్టించుకోని మనిషికి ఈ పరిస్థితి రాదు, వాళ్లు మీటింగుకి ఆలస్యంగా వచ్చి తొందరగా వెళ్లిపోతారు.

తర్వాత క్రిస్టినా మాస్లాక్ అనే పరిశోధకురాలు, సహ రచయిత్రితో కలిసి 1981లో దీన్ని కొలిచే ఒక ప్రశ్నావళి తయారు చేశారు. అందులో మూడు విషయాలు చూస్తారు: మనసు పూర్తిగా ఖాళీ అయిపోయినట్టు ఉండటం, ఎవరి కోసం పనిచేస్తున్నామో వాళ్ల పట్ల మనసు మొద్దుబారడం, చేసినదేదీ లెక్కలోకి రాదన్న భావన. ఫోన్ చేసినవాళ్ల మీద చిరాకు వస్తోందని, మీరు చెడ్డమనిషి అయిపోతున్నారేమోనని రాశారు చూడండి, అది ఈ రెండోది. మీ స్వభావం మారిపోయిందని భయపడకండి. ఇది బాగా గుర్తించిన లక్షణమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2019లో దీన్ని తన ఆరోగ్య సమస్యల వర్గీకరణలో, పనిచేసే చోట చాలాకాలం ఉండిపోయిన ఒత్తిడి వల్ల వచ్చే పరిస్థితిగా పెట్టింది, జబ్బుగా కాదు. అంటే చూడాల్సింది మనిషి ఒక్కరినే కాదు, పనిచేసే చోటును కూడా. కాకపోతే ఒక మాట. నిద్రలేమి వారాల తరబడి ఉన్నా, ఏ పని మీదా ఆసక్తి లేకపోయినా, బతకడం అనవసరం అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా, ఇదంతా పక్కన పెట్టి ముందు డాక్టర్‌ని కలవండి. డిప్రెషన్‌ని బర్నౌట్ అనుకుని నెట్టుకొస్తే నష్టం ఎక్కువ.

సెలవు ఎందుకు చాలదన్న దానికి కూడా మాస్లాక్ దగ్గరే సమాధానం ఉంది. ఆమె, మైకేల్ లీటర్ అనే ఇంకో పరిశోధకుడు కలిసి బర్నౌట్‌కి దారితీసే ఆరు అంశాలు చెప్పారు. పనిభారం అందులో ఒకటి మాత్రమే. మిగతావి: మన పని మీద మనకు ఉండే పట్టు, దక్కే గుర్తింపు, తోటివాళ్లతో సంబంధాలు, న్యాయంగా చూస్తున్నారా లేదా, మన విలువలకూ అక్కడ జరిగేదానికీ పొంతన. సెలవు పెడితే మొదటిది కొన్నాళ్లు తగ్గుతుంది. మిగతా ఐదూ మీరు తిరిగి వచ్చేదాకా అలాగే కూర్చుని ఉంటాయి. పైగా మీరు లేని నెలలో మీ పని కూడా పేరుకుపోయి ఉంటుంది.

ఇక పెత్తనం సంగతి. మీ ఉత్తరంలో "మా సంఘంలో పదవులేమీ లేవు, అందరం సమానమే, అయినా ఇలా జరుగుతోంది" అని ఒక వాక్యం ఉంది. "అయినా" అన్నారు, నేనైతే "అందుకే" అంటాను. అమెరికాలో స్త్రీవాద ఉద్యమంలో పనిచేసిన జో ఫ్రీమన్ 1970లో ఇదే విషయం మీద మాట్లాడారు, తర్వాత అది వ్యాసంగా వచ్చి ఇప్పటికీ కార్యకర్తల మధ్య తిరుగుతూనే ఉంది. నిర్మాణం లేని సంఘం అంటూ ఉండదన్నది ఆమె వాదన. పైకి కనిపించే నిర్మాణం లేకపోతే కనిపించని నిర్మాణం ఒకటి తయారవుతుంది. అది సాధారణంగా స్నేహాల మీద నడుస్తుంది. మీటింగుకి ముందే నలుగురు మాట్లాడుకుని వస్తారు, మీటింగులో మిగతావాళ్లు తల ఊపుతారు. పదవి ఉన్న మనిషిని దించేయొచ్చు, ఆయన ఏం చేయాలో కాగితం మీద ఉంటుంది కాబట్టి నిలదీయొచ్చు. పదవి లేని పెత్తనాన్ని దించడానికి దారే ఉండదు. "నేనెవరిని చెప్పడానికి, అందరం కలిసి అనుకున్నదే కదా" అంటారు.

అలాగని పదవులు పెట్టేస్తే అంతా బాగుపడుతుందని కాదు. జర్మనీ సోషల్ డెమొక్రటిక్ పార్టీని చూసి రాబర్ట్ మిఖెల్స్ అనే సామాజిక శాస్త్రవేత్త 1911లోనే చెప్పింది వేరు: ప్రజాస్వామ్యం కోసం పుట్టిన సంస్థల్లో కూడా అధికారం మెల్లగా కొద్దిమంది చేతిలోకి వెళ్తుంది. ఆయన దాన్ని ఉక్కు నియమం అన్నారు. నాకు అంత నిరాశ లేదు. కానీ ఎవరూ పట్టించుకోకపోతే అటే జారుతుంది అన్నంతవరకూ నేను చూసింది కూడా అదే.

మీ సంఘంలో అది ఎలా పనిచేస్తోందో మీ మాటల్లోనే కనిపిస్తోంది. మొదటిది సమాచారం. బ్యాంకు పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంది, పెద్ద వాట్సాప్ గ్రూప్‌కి అడ్మిన్ ఎవరు, లాయర్‌తో నేరుగా మాట్లాడేది ఎవరు, పత్రికల వాళ్ల ఫోన్ నంబర్లు ఎవరి ఫోన్‌లో ఉన్నాయి? ఈ నాలుగు ప్రశ్నలకీ ఒకే పేరు వస్తే, ఆ సంఘంలో "అందరం సమానం" అన్న మాటకు అర్థం లేదు. రెండోది త్యాగం గురించిన మాటలు. "రోడ్డున పడ్డ కుటుంబం ముందు నీ నిద్ర ఎంత?" అని అడిగితే ఎవరి దగ్గరా జవాబు ఉండదు, అందుకే ఆ ప్రశ్న అంత బాగా పనిచేస్తుంది. ఎదుట ఉన్న కష్టం నిజమైనది కాబట్టి, ఆ కష్టాన్ని అడ్డుపెట్టి ఏది అడిగినా కాదనలేం. సామాజిక న్యాయ కార్యకర్తల్లో బర్నౌట్ గురించి 2015లో పాల్ గోర్‌స్కీ, చెర్ చెన్ రాసిన అధ్యయనంలో కూడా ఈ త్యాగ సంస్కృతి ముఖ్యమైన కారణంగా వస్తుంది. తన గురించి చూసుకోవడమే స్వార్థం అనిపించేలా ఉంటుంది వాతావరణం, అలసట గురించి నోరెత్తడానికే సిగ్గుపడతారు.

ఇది చిన్న సంఘాలకే ఉన్న జబ్బు అనుకోకండి. మానవ హక్కుల కోసం పనిచేసే ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్‌లో 2018లో అక్కడ పనిచేసే ఇద్దరు ఆత్మహత్య చేసుకున్నాక, సంస్థే బయటివాళ్ల చేత విచారణ చేయించింది. 2019లో వచ్చిన ఆ నివేదిక లోపలి వాతావరణం విషపూరితంగా ఉందని, బెదిరింపులు, నలుగురిలో అవమానించడం ఉన్నాయని తేల్చింది. లోకానికి హక్కులు చెప్పే చోట ఇలా ఉండటం చూసి కొందరు ఎగతాళి చేశారు. నాకైతే అందులో ఎగతాళికి ఏమీ కనిపించలేదు. లక్ష్యం ఎంత గొప్పదైతే లోపలి తప్పులను అడగడం అంత కష్టమవుతుంది.

మూడోది మీ స్నేహితురాలి విషయంలో జరిగింది. దీని మీద కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇది అన్నిటికన్నా ప్రమాదం. అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ 1956 నుంచి 1971 దాకా కోయింటెల్‌ప్రో పేరుతో పౌర హక్కుల సంఘాలు, వామపక్ష సంఘాల మీద రహస్య కార్యక్రమం నడిపింది. 1971లో కొందరు పౌరులు పెన్సిల్వేనియాలోని ఒక ఎఫ్‌బీఐ కార్యాలయంలో దూరి ఫైళ్లు బయటపెట్టేదాకా దాని సంగతి లోకానికి తెలియలేదు. అందులో వాడిన పద్ధతుల్లో ఒకటి, నిజంగా పనిచేస్తున్న కార్యకర్తను పోలీసుల మనిషి అని పుకారు పుట్టించడం. బయటివాళ్లు ఖర్చుపెట్టి చేసిన ఆ పనిని కొన్ని సంఘాలు తమకు తామే ఉచితంగా చేసుకుంటాయి. చొరబాట్లు ఉండవని నేననట్లేదు, ఉంటాయి. కానీ ఆధారం లేకుండా ఒకరి మీద ఆ ముద్ర వేస్తే ఆమె పేరు పోవడంతో ఆగదు. లెక్కలు అడగాలనుకున్న మిగతావాళ్లందరి నోళ్లూ ఒక్కసారే మూతపడతాయి. మీరు ఇప్పుడు అడగడానికి వెనకాడుతున్నారంటే అది పనిచేసిందన్నమాట. జో ఫ్రీమన్ 1976లో ఇంకో వ్యాసం కూడా రాశారు, ఉద్యమంలో తోటివాళ్లే ఒక మనిషి వ్యక్తిత్వాన్ని చితక్కొట్టడం గురించి. ఆమెకు స్వయంగా అనుభవమైన విషయం. చేసిన తప్పును విమర్శించడం వేరు, ఆ మనిషే తప్పు అనడం వేరన్నది అందులో అసలు సంగతి.

మీ స్నేహితురాలితో మాట్లాడితే మిమ్మల్నీ అనుమానిస్తారేమో అన్నారు. అనుమానించొచ్చు. మాట్లాడండి. చాటుగా కాదు, "నేను ఆమెతో స్నేహం మానను, సంఘం విషయాలు మా మధ్య రావు" అని ముందే ఒకరిద్దరికి చెప్పేసి మాట్లాడండి.

కన్వీనర్ గారి గురించి కూడా న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఫ్రాయిడెన్‌బర్గర్ అదే వ్యాసంలో, బర్నౌట్ అయినవాళ్లు బిగుసుకుపోతారని, అందరినీ అనుమానిస్తారని, తమకే అంతా తెలుసనుకుంటారని కూడా రాశారు. ఇరవై ఏళ్లు ఒక్క రోజు సెలవు తీసుకోకుండా, సొంత డబ్బు పెట్టి, కేసులు మీద వేసుకుని తిరిగిన మనిషి అయ్యుండొచ్చు ఆయన. గెలవలేని చోట వచ్చిన కోపం అంతా దగ్గరున్నవాళ్ల మీద చూపిస్తుండొచ్చు, అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు. ఇది తెలిస్తే ఆయనతో మాట్లాడే తీరు మారుతుంది. లెక్కలు అడగడం మాత్రం మానక్కర్లేదు.

మాట కటువైనవాళ్లందరూ విషపూరితమైనవాళ్లు కాదు కూడా. కోపంగా అరిచి, మర్నాడు లెక్కల పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టే సీనియర్లు నాకు తెలుసు. చాలా మెత్తగా, నవ్వుతూ, పేరుపెట్టి ఆప్యాయంగా పిలుస్తూ ఏదీ బయటపెట్టనివాళ్లూ తెలుసు. గొంతు చూసి తేల్చుకోకండి. "కాదు" అన్న మనిషికి తర్వాత నెలలో ఏం జరిగిందో చూడండి.

ఇప్పుడు ఏం చేయాలి? ముందుగా, ఎవరికీ చెప్పకుండా రెండు వారాలు మీరు చేసే ప్రతి పనీ రాయండి. ఎవరికి ఫోన్ చేశారు, ఎంతసేపు, కుర్చీలు సర్దడం, అలిగినవాళ్లను సముదాయించడం, మీటింగు గుర్తుచేస్తూ మెసేజ్‌లు పెట్టడం, అన్నీ. సంఘాల్లో ఈ చివరి రకం పనులు ఎవరి లెక్కలోకీ రావు, ఎక్కువగా ఆడవాళ్ల మీద, కొత్తగా చేరిన కుర్రవాళ్ల మీద పడతాయి. ఆ జాబితా చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది. అందులో ఎవరి అనుమతీ అక్కర్లేకుండా తగ్గించుకోగలిగినవి ఇప్పుడే తగ్గించండి. రాత్రి ఫోన్లు మొదటిది. "రాత్రి తొమ్మిది తర్వాత నేను ఫోన్ ఎత్తను, ఫలానా తేదీ నుంచి ఆ వేళకు ఇంకొకరిని పెట్టుకోండి" అని గ్రూప్‌లో రాసి, ఆ తేదీకి మానేయండి. మానేశాక ఎవరూ ముందుకు రాకపోతే, ఆ భారం నిజానికి సంఘం మోయడం లేదని, మీరొక్కరే మోస్తున్నారని అందరికీ తెలుస్తుంది. ఇది నిర్దయగా అనిపిస్తుంది, నాకు తెలుసు. కానీ మీరు కూలిపోయిన రోజు కూడా ఆ ఫోన్ ఎవరూ ఎత్తరు.

ఆ తర్వాత ఒకే ఒక మార్పు అడగండి. పది అడిగితే మీరు వర్గం కడుతున్నారంటారు, ఏదీ జరగదు. నేనైతే డబ్బుతో మొదలుపెడతాను, ఎందుకంటే అందులో ఉద్వేగాలకు చోటు తక్కువ: నెలకోసారి జమాఖర్చులు అందరికీ పంపడం, ఏ ఖర్చుకైనా ఇద్దరి సంతకం. అడిగే తీరు కూడా ముఖ్యం. "డబ్బు ఎక్కడికి పోతోంది?" అంటే నిందలా ఉంటుంది. "లెక్కలు చూసేది నేను కాబట్టి రేపు ఎవరైనా వేలు చూపిస్తే నా మీదకే వస్తుంది. నాకూ, కన్వీనర్ గారికీ రక్షణగా ఉంటుంది, ఈ పద్ధతి పెట్టుకుందాం" అని రాతలో అడగండి, మీటింగు అజెండాలో చేర్పించండి. ఇంకొక్కరు మీ మాటను బలపరిస్తే చాలు, జట్టు కూడగట్టక్కర్లేదు. ఈ మాటల్లో నిజం కూడా ఉంది. లెక్కల మీద మీ సంతకం ఉంటే రేపు జవాబు చెప్పాల్సింది మీరే. చూడని ఖర్చు మీద సంతకం పెట్టకండి, ఉద్యమం పేరు చెప్పినా సరే.

వచ్చే జవాబును బట్టి మీకు చాలా తెలుస్తుంది. గొణుక్కుంటూనైనా సరే ఒప్పుకుంటే ఆ సంఘం బాగుపడే అవకాశం ఉంది, తర్వాత మెల్లగా జో ఫ్రీమన్ సూచించిన మిగతావి కూడా తేవొచ్చు: పనులను స్పష్టంగా అప్పగించడం, బాధ్యతలు కొంతకాలానికి చేతులు మార్చడం, సమాచారం అందరికీ చేరవేయడం. "ఇది అడగాల్సిన సమయం కాదు" అంటే సమయం ఎప్పుడో తేదీ అడగండి. తేదీ చెప్పనివాళ్లకు ఆ సమయం ఎప్పటికీ రాదు. అడిగినందుకు మీ గురించి వెనకాల మాటలు మొదలైతే ఇంక పరీక్షలు అక్కర్లేదు, జవాబు వచ్చేసినట్టే. ఇంకొకటి: లైంగిక వేధింపులు, కొట్టడం లాంటివి ఉంటే ఇప్పటిదాకా నేను చెప్పిన నెమ్మది పద్ధతి ఏదీ వర్తించదు. "మనలో మనం తేల్చుకుందాం, బయటికి తెలిస్తే ఉద్యమానికి మచ్చ" అనే మాట వినకుండా బయటి సాయం తీసుకోవాలి.

వదిలేయడం గురించి. సంఘాన్ని వదిలితే ఉద్యమాన్ని వదిలినట్టే అని మీకు ఎన్నోసార్లు చెప్పి ఉంటారు. ఎల్లా బేకర్ అని అమెరికా పౌర హక్కుల ఉద్యమంలో సంఘాలు కట్టిన పెద్ద కార్యకర్త ఉండేవారు. మార్టిన్ లూథర్ కింగ్ నాయకత్వంలోని సంస్థలో పనిచేస్తూ, అంతా ఒక నాయకుడి చుట్టూ తిరగడాన్ని ఆమె ఒప్పుకోలేదు. 1960 ఏప్రిల్‌లో విద్యార్థులను సమావేశపరిచి, వాళ్లు ఎవరి కిందా చేరకుండా సొంత సంఘం పెట్టుకునేలా ప్రోత్సహించి, ఆ సంవత్సరమే పాత సంస్థ నుంచి తప్పుకున్నారు. ఆ విద్యార్థి సంఘం తర్వాత ఓటు హక్కు పోరాటంలో ఎంత పని చేసిందో చరిత్రలో ఉంది. అందరం ఎల్లా బేకర్లం కానక్కర్లేదు. కొన్నాళ్లు ఏ సంఘంలోనూ లేకుండా ఇంట్లో కూర్చున్నా తప్పేమీ లేదు.

వెళ్లాలనుకుంటే గొడవ జరిగిన రాత్రి వెళ్లకండి, ఆ రాత్రి ఫేస్‌బుక్‌లో ఏమీ రాయకండి. తేదీ ఒకటి పెట్టుకుని, దానికి మూడు నాలుగు వారాల ముందు ఒక పేజీ ఉత్తరం ఇవ్వండి. అందులో కారణాలు రెండు వాక్యాలు చాలు, మిగతాదంతా అప్పగింతలు: లెక్కల పుస్తకం ఏ తేదీ వరకు రాసి ఉంది, నిల్వ ఎంత, ఏ పాస్‌వర్డ్‌లు ఎవరికి ఇచ్చారు, నడుస్తున్న కేసులు ఏవి, వాటిలో తర్వాతి తేదీలేంటి. అప్పగించినట్టు ఒకరి చేత సంతకం తీసుకుని, కాపీ దగ్గర పెట్టుకోండి. బ్యాంకు ఖాతాలో మీ పేరు ఉంటే తీయించుకునే దాకా పని పూర్తికానట్టే. కుటుంబాల వ్యక్తిగత కాగితాలు, ఫొటోలు మీ ఫోన్‌లో ఉంటే సంఘానికి ఇచ్చేసి తుడిచేయండి, అవి మీవి కావు.

ఆ తర్వాత కూడా కొన్నాళ్లు ఫోన్లు వస్తాయి. మీ నంబర్ అన్ని కుటుంబాల దగ్గరా ఉంది, వాళ్లకు మీ సంఘం లోపలి గొడవలు తెలియవు. ఎత్తి, "నేను ఇప్పుడు ఆ పనిలో లేను, ఈ నంబర్‌కి చేయండి" అని చెప్పడానికి ఒక నంబర్ సిద్ధంగా పెట్టుకోండి. సంఘం నంబర్ ఇవ్వడానికి మనసొప్పకపోతే, ఉచిత న్యాయ సహాయం ఇచ్చే చోటుది కనుక్కుని ఉంచండి.